కట్టని పట్టీ

జొవానీకి ఉన్న భయాల్లో అన్నిటికన్నా పెద్దది చెప్పుకోడానికి చాలా చిన్న మాట. ఒకనాడు పొద్దున్నే మొగుడు సెడ్రిక్ వంటింట్లోకి వస్తాడు. ఎత్తు కుర్చీలో కూచుని రొట్టెముక్క చీకుతున్న కూతురు మాయెలీని చూస్తాడు. "ఈ పాప ఎవరిది?" అని అడుగుతాడు. అంతే. అతను హాకీ ఆడే మంచు రింకు మీద పడి మళ్ళీ లేవడేమోనన్న భయం కూడా ఆమెకు దీని తర్వాతే. పడిపోయినవాడి చుట్టూ పదిమంది చేరతారు. నిలబడి ఉండగానే పోయినవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

పోయిన వారం కథలో మనం ఆమెను కారిన్ సెలూన్‌లో, అద్దం ముందు కుర్చీలో, మెడచుట్టూ గుడ్డతో వదిలిపెట్టాం. జుట్టు కత్తిరింపు వంక మాత్రమే, అసలు పని వేరు. నదికి ఎగువనున్న ఊరి జట్టువాడొకడు జొవానీ ఊరైన సాంత్-ఒడిల్ కుర్రాడు ఫెలిక్స్‌ను వెనకనుంచి వచ్చి గోడకేసి గుద్దాడు. ఫెలిక్స్ మెడకు పట్టా పడింది. దానికి ఆదివారం ఆటలో జవాబు చెప్పాలి. చెప్పాల్సినవాడు సెడ్రిక్. సాంత్-ఒడిల్ జట్టులో గోలు కొట్టడానికి వేరేవాళ్ళున్నారు, మనుషుల్ని కొట్టడానికి అతనున్నాడు. అవతలి జట్టులో ఆ పని యానిక్‌ది. యానిక్ పరాయివాడేం కాదు. సెడ్రిక్‌తో కొన్నేళ్ళు ఒకే జట్టు బెంచీ మీద కూచున్న స్నేహితుడు, బాప్తిస్మంలో మాయెలీకి పూచీగా నిలబడ్డ జ్ఞానతండ్రి, కారిన్ మొగుడు.

ఈ చలికాలం మొదలైనప్పటినుంచీ సెడ్రిక్ చక్కెర డబ్బా ఫ్రిజ్‌లో పెడుతున్నాడు. రంపపు మిల్లునుంచి ఇంటికొచ్చే దారిలో బండి ఆపి, ఎటు తిరగాలో తెలియక కూచుంటున్నాడు. తలకు ఇంకొక్క దెబ్బ కూడా తగలకూడదని పట్నం డాక్టరు గట్టిగా చెప్పాడు. జట్టులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. కారిన్ దగ్గర జొవానీ నోరు విప్పింది. యానిక్‌ను నా మొగుడితో తలపడొద్దని చెప్పు, ఇంకేం అక్కర్లేదు అంది. కారిన్ కత్తెర కింద పెట్టి, వెనకనుంచి ఆమె భుజాలు రెండూ పట్టుకుని, అద్దంలో కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "తలపడడు. పూచీ నాది."

ఆ మాట మూటగట్టుకుని జొవానీ ఇంటికొచ్చింది. చాలాకాలం తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రింకు కిటకిటలాడుతోంది. సెడ్రిక్ పొద్దున్నే కారు తీసుకుని వెళ్ళిపోయాడు. జొవానీ పక్కింటివాళ్ళ బండిలో వచ్చింది, ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో కారులో పిల్లను కట్టే సీటు. ఆ సీటును ఎప్పటిలాగే డెనీజ్ అత్త కౌంటరు పక్కన నేలమీద పెట్టింది. డెనీజ్ అత్త ఎవరికీ సొంత అత్త కాదు. రింకులో బంగాళాదుంప వేపుళ్ళమీద గ్రేవీ పోసి ఇస్తూ ముసలిదైపోయింది గనక ఊరంతటికీ అత్తే.

"తల్లీ, పిల్లకి ఇవాళ ఆ చెవి డిప్పలు బిగించావా? పైకప్పు లేచిపోతుంది ఇవాళ" అంది డెనీజ్, గరిటె ఊపుతూ.

"బిగించాను అత్తా."

"నీ మొగుడు ఇందాక నా ముందునుంచే పోయాడు. పలకరిస్తే పలకలేదు. కొట్లాట రోజు వాడంతేలే."

జొవానీ ఆటగాళ్ళ పెళ్ళాల వరసలో, తన చోటులో కూచుంది. ఒళ్ళో పిల్ల, పిల్ల చెవులమీద తలకన్నా పెద్ద డిప్పలు, మోకాళ్ళమీద దుప్పటి. ఫెలిక్స్‌ను చక్రాల కుర్చీలో కాదు గాని దాదాపు అలాగే, ఇద్దరు పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూచోబెట్టారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోని ముసలాయన కాఫీ చప్పరిస్తూ పక్కవాడికి చెబుతున్నాడు.

"గుద్దినవాణ్ణి రెండు నిమిషాలు బయట కూచోబెడితే బుద్ధి వస్తుందంటావా? వాడికి అది విశ్రాంతి. ముక్కు పగిలితే వస్తుంది బుద్ధి."

"పగలాల్సిన ముక్కు ఒకటి, పగిలే ముక్కు ఇంకోటి" అన్నాడు పక్కవాడు.

"అది వేరే సంగతి. పగలడం ముఖ్యం."

ఒకప్పుడు జొవానీ కూడా ఆ మాటే అనేది. పదిహేడేళ్ళప్పుడు లెక్కల పరీక్ష ఎగ్గొట్టి ఈ రింకుకే వచ్చి, ఈ బెంచీ మీదే ఎక్కి నిలబడి, పెదవి చిట్లిన సెడ్రిక్ అనే కుర్రాడి పేరు గొంతు పోయేదాకా అరిచింది. ఆ తర్వాత బడి మొహం చూడలేదు. ఇవాళ మాత్రం ఆమెకు అరుపు రాదు. కారిన్ మాట ఉంది గనక గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. యానిక్ తప్పుకుంటాడు. జనం నాలుగు ఈలలు వేస్తారు. సెడ్రిక్ మొహం ముడుచుకుని ఇంటికొస్తాడు. ముడుచుకున్న మొహంతో బతకొచ్చు.

ఆట మొదలైన కాసేపటికి కోచ్ రెజాన్ సెడ్రిక్ భుజంమీద తట్టాడు. సెడ్రిక్ బెంచీ దూకి మంచుమీదికి దిగాడు. అవతలినుంచి యానిక్ దిగాడు. ఆటబిళ్ళ, అదే పక్, ఇంకా రెఫరీ చేతిలోనే ఉంది, ఇద్దరూ గీతదగ్గర పక్కపక్కనే వంగి నిలబడ్డారు.

వాళ్ళ ఆనవాయితీ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. సెడ్రిక్ తన స్టిక్‌తో యానిక్ కాలిమీద రెండుసార్లు తడతాడు. అంటే, వస్తావా అని. యానిక్ కన్ను కొడతాడు. అంటే, వస్తా అని. ఇద్దరూ ఒప్పుకుంటేనే గ్లవ్స్ కింద పడతాయి. చెప్పకుండా కొట్టేవాణ్ణి ఈ పనిలో మనిషి కింద లెక్కగట్టరు.

సెడ్రిక్ తట్టలేదు. యానిక్ మొహంలోకి చూసి ఏదో అన్నాడు. యానిక్ నవ్వి ఏదో జవాబు చెప్పాడు.

ఆ తర్వాత గ్లవ్స్ పడ్డాయి. నాలుగూ.

జొవానీ చెయ్యి పిల్ల పొట్టచుట్టూ బిగుసుకుంది. మాయెలీ కితకితలనుకుని నవ్వింది. కింద ఇద్దరు మగవాళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. యానిక్ పిడికిలి బిగించలేదు, ఊరికే తోస్తున్నట్టున్నాడు. అంతలో సెడ్రిక్ కుడిచెయ్యి వెనక్కి వెళ్ళి తిన్నగా యానిక్ ముక్కుమీద దిగింది. యానిక్ మొహంలో నొప్పికన్నా ముందు ఆశ్చర్యం కనిపించింది. తర్వాత నెత్తురు. ఆ తర్వాత యానిక్ పిడికిలి లేచింది.

అప్పుడు జొవానీ చూసింది. యానిక్ పట్టి గుంజగానే సెడ్రిక్ జెర్సీ వెనకభాగం పైకి లేచి, వీపు దాటి, తలమీదుగా ముసుగులా కప్పేసింది.

అలా లేవకూడదు. జెర్సీ వెనక, లోపలివైపు ఒక పట్టీ ఉంటుంది. దాన్ని నిక్కరు నడుముకు బిగించుకుంటే ఎదుటివాడు ఎంత గుంజినా జెర్సీ కదలదు. కట్టుకోకపోతే కళ్ళు మూసుకుపోయి, చేతులు చిక్కుకుపోయి, కొట్టేవాడికి మూటలా దొరుకుతాడు. అందుకే పట్టీ లేకుండా కొట్లాటకు దిగినవాణ్ణి ఆటనుంచే పంపేస్తారు. సెడ్రిక్ పట్టీని జొవానీయే రెండు పోగుల దారంతో కుట్టింది. ప్రతి ఆటకూ ముందు దాన్ని కట్టుకుని, లాగి చూసుకుని, మళ్ళీ లాగి చూసుకోవడం అతనికి భోజనానికి ముందు చెయ్యి కడుక్కున్నట్టు. నన్ను పాతిపెట్టేటప్పుడు కూడా పట్టీ కట్టే పెట్టండిరా అని వేళాకోళమాడేవాడు.

యానిక్ కొట్టిన దెబ్బలు ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు. ముసుగు లోపల తల ఎక్కడుందో తెలియకపోయినా ప్రతి దెబ్బా ఎక్కడ తగిలిందో ఆమెకు తెలిసింది. సెడ్రిక్ మోకాళ్ళు మడతపడ్డాయి. రెఫరీకి సాయంగా ఉండే లైన్స్‌మన్లు ఇద్దరూ దూరి విడదీశారు. సెడ్రిక్ లేచాడు, తనంతట తనే. రెఫరీ ఊడి వేలాడుతున్న పట్టీని చేత్తో పట్టి చూపించి, బయటికి దారి చూపించాడు. జనం పైకప్పు లేపేశారు. ఫెలిక్స్ మెడ తిప్పలేక మొత్తం ఒంటితో తిరిగి చప్పట్లు కొడుతున్నాడు.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు వెనక ముసలాయన.

జొవానీ పిల్లను ఎత్తుకుని మెట్లు దిగి డెనీజ్ కౌంటరు మీద కూచోబెట్టింది. పిల్ల ఎర్ర మంచుకోటు విప్పి, మడతపెట్టి పక్కన పెట్టింది, వేపుళ్ళ వేడికి పిల్ల ఉడికిపోతుందని. "అత్తా, కాస్త చూస్తుండు. ఇప్పుడే వస్తా."

"వాడికేం కాలేదే, నడిచే పోయాడు."

"ఆయన దగ్గరికి కాదు" అంది జొవానీ.

సెడ్రిక్ ఉన్న గది ఎడమవైపు. ఆమె కుడివైపు తిరిగింది. తర్వాత ఎన్నోసార్లు ఆ మలుపు ఆమెకు గుర్తొస్తుంది. కాని ఆ క్షణంలో ఆమె కళ్ళముందున్నది సెలూన్ అద్దం, అందులో కారిన్ కళ్ళు.

అవతలి జట్టు గది పక్కన చిన్న కట్లగది ఉంది. యానిక్ బల్లమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వాళ్ళ జట్టు డాక్టరు ముక్కు మీద కుట్లు వేస్తున్నాడు. కారిన్ మంచుగడ్డల సంచి పట్టుకుని తలదగ్గర నిలబడింది.

"మాట ఇచ్చావు" అంది జొవానీ గుమ్మంలోనే.

కారిన్ తలెత్తింది. "ఇప్పుడు కాదు, బంగారం."

"బంగారం అనకు. నా భుజాలు పట్టుకుని, అద్దంలో నా కళ్ళలోకి చూసి చెప్పావు. నేను నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఒక్కటే అడిగాను."

"ముందు నా మొగుడి ముక్కు చూసి తర్వాత మాట్లాడు. ఎవరు ఎవర్ని కొట్టారో నువ్వూ చూశావుగా."

"నీ మొగుడి ముక్కు అతుక్కుంటుంది."

యానిక్ చెయ్యి ఎత్తి ఇద్దర్నీ ఆగమన్నాడు. ముక్కులో దూది కుక్కి ఉంది, గొంతు గుహలోంచి వచ్చినట్టు వచ్చింది. "కారిన్ నాకు చెప్పింది, చిన్నీ. ఆ రాత్రే చెప్పింది. మాట తప్పింది మేం కాదు. మాట తప్పింది నీ మొగుడు."

"సెడ్రిక్‌కి దీనితో ఏం సంబంధం? నేనొచ్చి అడిగానని ఆయనకి తెలియదు."

డాక్టరు దారం కత్తిరించిన చప్పుడు వినిపించింది. కారిన్ మంచు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"తెలుసు" అంది కారిన్ చివరికి.

"ఎలా తెలుసు?"

"నేనే చెప్పా" అన్నాడు యానిక్. "చెప్పకపోతే నేనేం స్నేహితుణ్ణి? వాడి వెనకాల, వాడి పెళ్ళాం అడుక్కుందని వాణ్ణి వదిలేస్తే, అది వాడి మొహాన ఉమ్మడం. ఫోన్ చేశా. వాడు మా ఇంటికొచ్చాడు. మా వంటింట్లోనే కూచున్నాం ముగ్గురం."

"ముగ్గురా?"

కారిన్ చూపు తిప్పుకుంది.

జొవానీకి ఆ వంటింటి బల్ల తెలుసు. మాయెలీ బాప్తిస్మం రోజు దానిమీదే కేకు కోశారు. ఆ బల్లచుట్టూ ముగ్గురు కూచుని ఆమెకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేల్చుకున్నారు. చిన్నపిల్లకు చేదుమందు ఎలా తాగించాలో పెద్దవాళ్ళు గుసగుసగా తేల్చుకున్నట్టు. ఏ రోజని అడగాలనిపించలేదు, అడక్కుండానే తెలిసింది. సెలూన్‌కు వెళ్ళిన మర్నాటి సాయంత్రం సెడ్రిక్ ఆలస్యంగా వచ్చాడు. ఆమె పెట్టిన బఠాణీ సూపు రెండు గిన్నెలు తాగి, గిన్నెలు తనే కడిగి, ఆమె మెడమీద ముద్దుపెట్టుకుని, జుట్టు బాగా కత్తిరించింది కారిన్ అన్నాడు. తన జుట్టును అతను గమనించాడని ఆమె ఎంత సంబరపడింది.

"ఏమన్నాడు మీతో?" అంది.

"నువ్వు నాతో తలపడకపోతే రేపటినుంచి నేనెందుకు జట్టుకి అన్నాడు. నాకు స్కేటింగే సరిగ్గా రాదు, నువ్వు నన్ను వదిలేశావంటే నా తల పని అయిపోయిందని ఊరంతటికీ చాటింపు వేసినట్టే, రెజాన్ ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు అన్నాడు. నిజమే కదా. అందుకని వాడే ఒక దారి చెప్పాడు." యానిక్ లేచి కూచోబోయాడు, డాక్టరు ఛాతీమీద చెయ్యివేసి పడుకోబెట్టాడు. "గ్లవ్స్ పడేద్దాం. భుజాలు పట్టుకుని తిరుగుదాం. భుజాలకు కట్టుకున్న దిళ్ళమీద నాలుగు గుద్దులు, చూసేవాళ్ళకు చాలు. వాడు నా వీపుమీద తడితే ఇద్దరం కలిసి పడిపోదాం. తలజోలికి పోవద్దు. ఫెలిక్స్‌కి జవాబు అందుతుంది, జనానికి వాళ్ళ ముచ్చట తీరుతుంది, నీ మొగుడు సాయంత్రానికి నీ దగ్గరుంటాడు. ఇందులో తప్పేముంది?"

"నాకు చెప్పకపోవడం."

"చెప్తే నువ్వు ఊరుకునేదానివా?" అంది కారిన్. "తిన్నగా రెజాన్ దగ్గరికి పోయి అంతా కక్కేసేదానివి. సెడ్రిక్కే చెప్పొద్దన్నాడు. ఏడుస్తుంది, దాన్ని ఏడవనివ్వకండి అన్నాడు."

"కొట్టినవాడెవడు? ఫెలిక్స్‌ను గుద్దినవాడు?" అంది జొవానీ. "వాణ్ణి చూశాను ఇందాక. బెంచీమీద కూచుని నీళ్ళు తాగుతున్నాడు. వాడు ఫెలిక్స్‌ని కొడితే సెడ్రిక్ యానిక్‌ని కొట్టాలి, యానిక్ సెడ్రిక్‌ని కొట్టాలి. వాడు నీళ్ళు తాగాలి. ఇదా మీ న్యాయం?"

"ఇదే న్యాయం. ఇదీ లేకపోతే ఆ నీళ్ళు తాగేవాడు వచ్చే వారం ఇంకొకడి మెడ విరుస్తాడు. రెఫరీ ఏం చేస్తాడు, వేలు చూపిస్తాడు. వీళ్ళున్నారన్న భయమే వాణ్ణి పట్టి ఉంచేది." కారిన్ గొంతు పెరిగింది. "నాకు మాత్రం సరదానా? ప్రతి ఆదివారం ఈ మంచు సంచి పట్టుకుని నిలబడడం? నీ నెత్తిమీద కప్పు ఎవరి పిడికిలి వేసిందో అది కూడా చెప్పు."

"కప్పు బాగానే ఉంది. దానికింద ఉండాల్సిన మనిషే కరిగిపోతున్నాడు."

కారిన్ వంగి మొగుడి ముక్కుకింద నెత్తురు తుడిచింది.

యానిక్‌కు మాత్రం కోపం చల్లారలేదు. "అదంతా సరే. ఒప్పందం వాడిది. నేను కాదన్నా బతిమాలి ఒప్పించింది వాడు. నేను పిడికిలి కూడా బిగించలేదు, చూశావుగా? దిళ్ళమీద కొడతాడని భుజం అప్పగించి నిలబడ్డా. ముక్కుమీద కొట్టాడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా దొంగదెబ్బ కొట్టినవాడు కాదు. ఇవాళ నన్ను కొట్టాడు. నన్ను. ఆపైన నా చెయ్యి ఊరుకోలేదు. చేతికి బుర్ర ఉండదు, చిన్నీ." కంట్లో నీళ్ళు తిరిగాయి, కుట్టువల్లనో మరెందువల్లనో. "వాడి మొహం చూడను నేనిక."

జొవానీ వెళ్ళిపోదామని గుమ్మంలో వెనక్కి తిరిగింది. ముగ్గురూ మోసం చేశారు. ఇద్దరు ఈ గదిలో ఉన్నారు, మూడోవాడితో ఇంటిదగ్గర మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కూడా కూడబలుక్కుంటోంది. అంతలో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

"ముందు ఏమన్నాడు నీతో? గ్లవ్స్ పడకముందు? నువ్వు నవ్వావు."

"ఏముంది. వేళాకోళం."

"ఏమన్నాడు?"

"నువ్వు కొత్తగా వచ్చావా, నీ పేరేంటి అన్నాడు." యానిక్ గొంతులో ఇంకా చిరాకే ఉంది. "నీ కూతురి జ్ఞానతండ్రినిరా గాడిదా, అన్నా. వాడు నవ్వలేదు. భలే నటిస్తున్నాడే అనుకున్నా."

"కాలిమీద తట్టలేదు" అంది జొవానీ.

"అవును. తట్టలేదు."

"పట్టీ కట్టుకోలేదు."

ఈసారి యానిక్ డాక్టరు చెయ్యి తోసేసి లేచి కూచున్నాడు. ముక్కునుంచి దారం వేలాడుతోంది. మామూలుగా ఇంత చిన్న నొప్పికే, అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం, చర్చిలోని సామాన్ల పేర్లన్నీ తిట్లుగా వరసపెట్టేవాడు, నోరు తెరిచాడు గాని ఒక్క సామానూ బయటికి రాలేదు.

"సెడ్రికా?" అన్నాడు. "పట్టీయా?"

కారిన్ చేతిలో సంచి నేలమీద పడి మంచుగడ్డలు గదంతా దొర్లాయి.

"ఆయన మాట తప్పలేదు" అంది జొవానీ. నెమ్మదిగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "ఆయనకి ఏ మాటా గుర్తులేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మీద చేతులేశాడు, కొట్టాడు. ఎవరైనా కొడతారు."

ఇంతసేపూ ఆమెను నిలబెట్టిన కోపం కాళ్ళకిందనుంచి జారిపోయింది. దాని చోటికి ఏదీ రాలేదు. పరుగెత్తింది.

సొంత జట్టు గది తలుపు దగ్గర రెజాన్ చూయింగ్ గమ్ నములుతూ నిలబడి ఉన్నాడు. లోపల సెడ్రిక్ లేడు.

"వెళ్ళిపోయాడమ్మా. బాగానే ఉన్నాడు, కంగారు పడకు. బట్టలు మార్చుకుని వచ్చి, మర్యాదగా చెయ్యి కూడా కలిపాడు నాతో. కలిసినందుకు సంతోషం సార్, అన్నాడు." రెజాన్ నవ్వాడు. "ఇన్నేళ్ళలో నన్ను సార్ అన్నది ఇదే మొదలు. నా మీద కోపమనుకుంటా. పట్టీ వాడు కట్టుకోకపోతే నేనేం చేసేది?"

ఆమె అప్పటికే మలుపు తిరిగింది.

డెనీజ్ అత్త కౌంటరు ముందు విరామం గుంపు. ఒకడి భుజం, ఇంకొకడి మోచెయ్యి, దుప్పట్లు, కాఫీ కప్పులు. వాటన్నిటినీ తోసుకుని ముందుకొచ్చింది. కౌంటరు మీద గ్రేవీ గిన్నె ఉంది. చెవి డిప్పలున్నాయి. ఎర్ర మంచుకోటు మడతపెట్టినట్టే ఉంది. కింద నేలమీద పిల్ల సీటు ఉంది.

"అత్తా, మాయెలీ ఏది?"

"వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడుగా" అంది డెనీజ్, గరిటె ఆపకుండా. "ఇప్పుడే. నీకు కనబడలేదా?"

"ఏమన్నాడు?"

"వాడు మనిషేనా అసలు. ఇంత దెబ్బ తిని కూడా వేళాకోళాలే. ఇక్కడ నిలబడి పిల్లని చూసి, ఈ పాప ఎవరిదండీ, ఒక్కతే కూచుంది అన్నాడు. మొహంలో నవ్వన్నది లేదు, దొంగ వెధవ. నేను పడీపడీ నవ్వా. నీదేరా నాయనా, తీసుకుపో, నా కౌంటరు ఖాళీ అవుతుంది అన్నా. అలాగేనండీ అని, పాపం చలి వేస్తుందేమోనని తన జెర్సీలో చుట్టి ఎత్తుకుపోయాడు. కోటు ఇస్తానంటే వినిపించుకోలే..." డెనీజ్ అప్పుడు తలెత్తి జొవానీ మొహం చూసింది. గరిటె ఆగిపోయింది. "ఏమైందే?"

బయట గాలి చెంపదెబ్బలా తగిలింది. మంచు అడ్డంగా కురుస్తోంది. ఆటగాళ్ళ బండ్లు నిలిపేచోట సెడ్రిక్ కారు ఉండాల్సిన జాగా నల్లగా, కారు ఆకారంలోనే తడిగా ఉంది, అంచులనుంచి తెల్లబడుతోంది. జొవానీ ఎర్ర కోటును గుండెకు పట్టుకుని చక్రాల గుర్తుల వెంబడి గేటుదాకా పరుగెత్తింది. గేటు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఇల్లు. కుడికి పోతే నది. చలికాలంలో ఆ నదిమీద గడ్డకట్టిన మంచే దారి, బండ్లు దాని మీదుగానే అవతలి ఒడ్డుకు పోతాయి. ఎండలు మొదలవుతున్నాయని, మంచు పలచబడిందని పోయిన వారమే అడ్డుకర్ర వేసి మూసేశారు. అది ఊళ్ళో అందరికీ తెలుసు. గుర్తున్నవాళ్ళందరికీ.

గుర్తులు కుడికి తిరిగాయి.

వెనక కారు వచ్చి ఆగింది. స్టీరింగ్ దగ్గర కారిన్, వెనక సీట్లో బూట్లు లేకుండా ఒట్టి మేజోళ్ళతో యానిక్, ముక్కుకింద దారం ఇంకా వేలాడుతూనే ఉంది. కారిన్ లోపలినుంచి తలుపు తెరిచింది. "ఎక్కు" అంది. ఇంకేమీ అనలేదు.

జొవానీ ఆమె మొహం చూడలేదు. తనను అంతగా నమ్మించి ముంచిన మనిషి కారు అది. ఎక్కింది. కోటు ఒళ్ళో పెట్టుకుంది.

వచ్చే వారందాకా వాళ్ళను ఆ దారిన పోనివ్వండి. ఈలోగా మీరొక పని చెయ్యండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో, ఏం లేదు తలనొప్పే అని చెప్పి పగటిపూట తలుపు వేసుకుని పడుకున్న మనిషి ఎవరైనా ఉంటే, ఒకసారి లేచి వెళ్ళి చూడండి. ఎలా ఉందని అడక్కండి, బాగానే ఉందంటాడు. మీ పేరేమిటో చెప్పమనండి. నువ్వెవరు అని తిరిగి అడిగితే, వేళాకోళమనుకుని మాత్రం నవ్వకండి.